ఏడు మెట్ల ఇల్లు

మా పుట్టింటికి ముందువైపు ఏడు మెట్లు, వెనకవైపూ ఏడు మెట్లే. కైకలూరు దగ్గర, చేపల చెరువుల గట్ల మధ్య నుంచి పోయే దారి చివర ఉంటుంది మా ఊరు. ఊరి చివర మా ఇల్లు. మండువా పెంకుటిల్లు, మా తాతయ్య కట్టించింది. వెనక పెరడు, పెరటి చివర గుంట, ఆ తరువాత పొలం, ఆ పైన కొల్లేరు.

కిందటి శ్రావణంలో ఒక రాత్రి మా అమ్మ పెరటి మెట్ల మీద జారిపడింది. ఆమెకు 84 ఏళ్ళు. మరుగుదొడ్డి పెరట్లో ఉంది. వాన పడుతోంది. ఎవర్నీ నిద్ర లేపడం ఇష్టంలేక ఒక్కతే లేచి వెళ్ళింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయ్యాక విజయవాడలో మా ఇంట్లోనే ఉంచుకున్నాను. సంక్రాంతి దగ్గర పడేసరికి కర్ర పట్టుకుని నాలుగడుగులు వేయగలిగింది. "ఇక నన్ను మన ఊరు తీసుకుపొండి" అంది.

ఆ పండక్కే ఇల్లు పడగొట్టి కొత్తది కట్టాలన్న మాట వచ్చింది. అన్నది మా అమ్మాయి. సివిల్ ఇంజనీరు, హైదరాబాదులో ఉద్యోగం. కాదన్నది మా అన్నయ్య. బడిపంతులుగా రిటైరై, ఊళ్ళోనే ఉండి అమ్మనీ ఇంటినీ చూసుకుంటున్నది వాడే. కనుమ నాడు పొద్దున మండువాలో కూర్చుని వాళ్ళిద్దరూ వాదించుకున్నది గుర్తున్నంతవరకు ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఆ ఇంట్లో నాకూ వాటా ఉంది. నా అభిప్రాయమూ దాచుకోను.

అమ్మాయి: మావయ్యా, ఈ ఇల్లంటే ఇష్టం లేక అనడం లేదు నేను. నా చిన్నప్పటి సెలవులన్నీ ఇక్కడే గడిచాయి. కానీ అమ్మమ్మకి ఇప్పుడు గదిలోనే బాత్రూమ్ ఉండాలి. రేపో మాపో చక్రాల కుర్చీ కావాలి. ఇక్కడ చూస్తే గుమ్మం గుమ్మానికీ గడప. మండువాలోకి దిగాలంటే మెట్టు, ఎక్కాలంటే మెట్టు. వీధిలోకి వెళ్ళాలంటే ఏడు మెట్లు.

అన్నయ్య: బాత్రూమ్ కోసం ఇల్లు పడగొడతారా తల్లీ ఎవరైనా? పడమటి పంచ మూల గోడ పెట్టించి టైల్స్ వేయిస్తే పది రోజుల పని. గడపల పక్కన ఏటవాలుగా చెక్కలు వేయిద్దాం.

అమ్మాయి: అదొక్కటే అయితే నేనూ అదే అందును. గోడల సంగతి చూడండి. మోకాలెత్తు దాకా ఉప్పు పేలిపోయింది. చీపురు తగిలితే ఇటుక పొడి రాలుతోంది.

అన్నయ్య: అందులో నా తప్పు ఉంది. పెచ్చులూడుతున్నాయని పదిహేనేళ్ళ కిందట నేనే సిమెంటు పూయించాను. అప్పటినుంచే ఎక్కువైంది.

అమ్మాయి: అవును. ఇది గానుగ సున్నంతో కట్టిన గోడ. నేలలో తేమని పీలుస్తుంది, ఎండాకాలంలో వదిలేస్తుంది. సున్నం పూత దానికి అడ్డం రాదు. సిమెంటు పూస్తే ఆ తేమకి బయటికి దారి లేక ఇంకా పైకి ఎక్కుతుంది. దాంతోపాటు వచ్చిన చౌడు ఉప్పు ఇటుక లోపలే పేరుకుని ఇటుకని పొడి చేస్తుంది. మీ ఒక్కరి తప్పు కాదిది. పాత ఇళ్ళు కనపడినచోటల్లా మేస్త్రీలు ఇదే చేశారు.

అన్నయ్య: మరి సిమెంటు ఒలిపించి మళ్ళీ సున్నం పూయిస్తే సరిపోతుందిగా. తెగులేదో తెలిసింది, మందేదో తెలిసింది.

అమ్మాయి: నిన్న సాయంత్రం వంటింటి వెనక రెండుచోట్ల ఒలిచి చూశాను మావయ్యా. పూతతో పాటు ఇటుక కూడా ఊడి వస్తోంది.

అన్నయ్య లేచి వంటింటి వెనక్కి వెళ్ళాడు. తిరిగి రావడానికి చాలాసేపు పట్టింది. వచ్చాక గోడ సంగతి ఎత్తలేదు. మా అమ్మాయి మీద నాకు గౌరవం కలిగిన ఘడియ అది. ఇల్లు దానంతటది చెడిపోలేదు, మనం చేసిన మరమ్మతు వల్ల చెడింది అన్న మాట తన వాదనకు ఉపయోగపడదని దానికి తెలుసు. తెలిసీ చెప్పింది.

అన్నయ్య: సరే, గోడలు పోయాయనే అనుకుందాం. ఈ ఇల్లు ఎలా కట్టారో నీకు తెలుసా? మా తాతయ్య స్థలం కొన్న వెంటనే పునాది తియ్యలేదు. తాటాకు పాక వేసుకుని రెండు వర్షాకాలాలు ఇక్కడ కాపురం చేశాడు. నీరు ఎటునుంచి వస్తోంది, ఎంతదాకా వస్తోంది, ఎన్నాళ్ళు నిలుస్తోంది అని చూశాడు. అప్పుడు పెరటి చివర తవ్వించి, ఆ మట్టితో దిబ్బ పోయించాడు. తవ్విన చోటే ఆ గుంట. పోసిన చోటే మనం కూర్చున్న ఈ దిబ్బ. మట్టిని ఒక ఏడాది వానకి తడవనిచ్చి, ఎండకి ఎండనిచ్చి, అది దిగాల్సినంత దిగాక గోడ మొదలుపెట్టాడు. దూలాల టేకు రాజమండ్రి నుంచి ఏలూరు కాలువ మీద పడవలో వచ్చింది. నిలువెత్తున అంతస్తులు లేపే మీ వాళ్ళలో ఒక్కడైనా, కట్టబోయే చోట ఒక్క వానాకాలం ఉండి చూస్తున్నాడా?

అమ్మాయి: చూడటం లేదు. చూడాలి. ఆ మాట పూర్తిగా ఒప్పుకుంటున్నాను.

అన్నయ్య: 1977 తుపాను నాటికి నాకు పద్దెనిమిదేళ్ళు. నవంబరు 19. దివిసీమని ఉప్పెన ముంచేసిన రాత్రి. ఇక్కడ గాలికి పెంకులు ఆకుల్లా లేచిపోయాయి. ఊళ్ళోవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని మన ఇంటికొచ్చారు. తూర్పు గదిలో ముప్ఫయ్యారు మందిమి. కప్పు మీద పెంకు లేదు గానీ దూలం కదల్లేదు. కింద చుట్టూ నీళ్ళు, ఒక్క చుక్క గడప దాటలేదు.

అమ్మాయి: ఆ రాత్రి ఇల్లు నిలిచింది ముత్తాత ఎత్తు సరిగ్గా చూసుకున్నందువల్ల. కానీ ఆయన చూసిన కొల్లేరు ఇప్పుడు ఎక్కడుంది మావయ్యా?

అన్నయ్య: అక్కడే ఉంది.

అమ్మాయి: చోటు అక్కడే ఉంది. నీటి నడక మారింది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు అన్నీ ఇందులోకే వస్తాయి. సముద్రానికి పోయే దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే. ఆయన కాలంలో వచ్చిన నీరు పలచగా పరుచుకుని మెల్లగా దిగేది. ఇప్పుడు ఆ పరుచుకునే చోటల్లా చేపల చెరువుల గట్లు. పరుచుకోలేని నీరు నిలువునా లేస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడ సింగ్‌నగర్‌ని ముంచింది. తరువాత ఆ నీరు ఎక్కడికొచ్చింది? మీరే నాకు ఫోన్‌లో ఫొటో పంపారు. ఎన్నో మెట్టు దాకా వచ్చింది?

అన్నయ్య: అయిదో మెట్టు.

అమ్మాయి: ఏడు మెట్లు కలిపి నాలుగడుగులు. అందులో మిగిలింది రెండు మెట్లు, అంటే అడుగు మీద రెండంగుళాలు. మరమ్మతు చేసి గోడలు నిలబెడదాం, బాత్రూమ్ కట్టుకుందాం. నేల ఎత్తు ఎలా పెంచుతారు? పాత ఇంటికి అది కుదరదు.

నా మనసు అమ్మాయి వైపు తిరిగింది ఇక్కడే. అన్నయ్య చెప్పినవన్నీ నిజం. ఆ నిజాల నుంచి తేలేది ఇల్లు ఉంచాలని కాదు, తాతయ్య చేసినట్టు మళ్ళీ నీటిని కొలవాలని.

అన్నయ్య: మన స్థలం కొల్లేటిలోకి రాదమ్మా. అభయారణ్యం సరిహద్దు +5 కాంటూరు. మన గట్టు దానికి ఇవతల ఉంది. నా దగ్గర కాగితం ఉంది.

అమ్మాయి: +5 అంటే సముద్రమట్టానికి అయిదడుగులు. 1999లో అభయారణ్యంగా ప్రకటించినప్పుడు ఆ గీత లోపల వచ్చింది 308 చదరపు కిలోమీటర్లు. 2002లో ఇదే కొల్లేరుని రామ్‌సార్ చిత్తడి నేలల జాబితాలో చేర్చారు. అక్కడ రాసిన విస్తీర్ణం 90,100 హెక్టార్లు. అంటే 901 చదరపు కిలోమీటర్లు. ఒక లెక్కకీ ఇంకో లెక్కకీ దాదాపు మూడు రెట్లు తేడా. ఆ తేడా ఉన్న నేలలోనే మన ఊరూ ఉంది, మన ఇల్లూ ఉంది. మీ కాగితం ప్రకారం మనం ఒడ్డు మీద ఉన్నాం. వరద వచ్చిన ఏడు సరస్సులో ఉన్నాం.

అన్నయ్య: అంటే ఇక్కడ ఇల్లే కట్టకూడదంటావా?

అమ్మాయి: ఉన్న ఊరిని ఎవరు పొమ్మంటారు? సరస్సులో ఉన్నామని తెలిసి కట్టుకోవాలంటున్నాను. ఇంకో మాట, చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. మన పొలం కూడా చేపల చెరువుకి లీజుకిచ్చారు మీరు. ఆ గట్టు కూడా నీటికి అడ్డమే.

వదిన వంటింట్లోంచి తొంగి చూసింది. నేను అమ్మాయిని వారిద్దామనుకున్నాను, అన్నయ్యే చెయ్యెత్తి నన్ను ఆపాడు.

అన్నయ్య: ఇచ్చాను. వరి మూడేళ్ళు వరసగా మునిగింది. డెబ్బయ్యవ దశకంలో ప్రభుత్వమే సొసైటీలు పెట్టించి చెరువులు తవ్వించింది. అందరూ తవ్వారు. మీ మావయ్య ఒక్కడు తవ్వించకుండా ఉంటే కొల్లేరు బాగుపడేదా? ఆ లీజు డబ్బుతోనే మా వాడు చదువుకున్నాడు. 2006లో సరిహద్దు లోపలి చెరువులు మిషన్లు పెట్టి కొట్టేస్తుంటే చూసి ఏడ్చినవాళ్ళలో నేనూ ఉన్నాను. 2008లో సరిహద్దు +3కి తగ్గించాలని శాసనసభ తీర్మానం చేస్తే సంతోషించాను కూడా. ఇప్పుడు మెట్ల మీద నీళ్ళు చూసుకుంటుంటే ఆ సంతోషం గుర్తొస్తోంది.

అమ్మాయి: నేను మిమ్మల్ని తప్పుపట్టడానికి అనలేదు మావయ్యా.

అన్నయ్య: పట్టు. ఎవరో ఒకరు పట్టాలి. కానీ ఇప్పుడు నన్నూ ఒకటి అడగనియ్యి. వాడు పంపిన ప్లాన్ చూశావా?

వాడంటే మా మేనల్లుడు, అన్నయ్య కొడుకు. అమెరికాలో ఉంటాడు. కొత్త ఇంటికి ఎక్కువ భాగం డబ్బు పెట్టేది వాడే. ఏలూరులో ఒక కాంట్రాక్టరు చేత ప్లాన్ గీయించి పంపాడు. రెండంతస్తుల డాబా. కారు నేరుగా లోపలికి రావడానికి దిబ్బని రోడ్డు మట్టానికి చదును చేయాలి. తీసిన మట్టితో పెరటి గుంట పూడ్చాలి. పూడ్చినచోట పార్కింగు, చుట్టూ సిమెంటు చపటా, ఎత్తయిన ప్రహరీ. బొమ్మలో చూడటానికి చాలా బావుంది. వాడి మనసులో దురుద్దేశం ఏమీ లేదు, నాన్నమ్మ మెట్లెక్కలేదని వాడికీ బాధే.

అన్నయ్య: దీనికి నీ జవాబేమిటి? కొత్త ఇల్లు అని ఒప్పుకుంటే వచ్చేది ఇదే కదా! ఒకసారి గునపం పడ్డాక ఎవరు ఆపుతారు?

అమ్మాయి: ఈ ప్లాన్ నేను ఒప్పుకోను. దిబ్బ తీసేస్తే మొదటి వరదకే కింది అంతస్తు మునుగుతుంది. గుంట పూడిస్తే మన వాననీరు పక్కవాళ్ళ ఇంట్లోకి పోతుంది. ప్రహరీ కడితే వచ్చిన నీరు బయటికి పోదు.

అన్నయ్య: మరి నీ ప్లాన్‌లో అమ్మ ఇంట్లోకి ఎలా వస్తుంది? నీటి కోసం ఇంకా ఎత్తు పెంచాలంటున్నావు. అమ్మ కోసం మెట్లు ఉండకూడదంటున్నావు. రెండూ ఒకచోట ఎలా పొసుగుతాయి?

గట్టి ప్రశ్న. అమ్మాయి వెంటనే జవాబు చెప్పలేదు. పేపరు వెనక ఏవో లెక్కలు వేసుకుంది.

అమ్మాయి: దిబ్బ ముట్టుకోం. దాని మీద ఇంటి నేలని ఇంకో రెండడుగులు లేపుదాం. మొత్తం ఆరడుగులు. చక్రాల కుర్చీ ర్యాంపుకి అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవు ఉండాలి. ఆరడుగులకి డెబ్బయ్ రెండు. మధ్యలో ఆగడానికి చదునైన చోట్లు కూడా కావాలి. దక్షిణపు గోడ వెంట మొదలుపెట్టి తూర్పుకి తిప్పితే సరిపోతుంది. ఒక్కటే అంతస్తు. ఇది నల్లమట్టి, తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలిస్తుంది. మామూలు పునాది దాంతోపాటే కదులుతుంది. ఇలాంటి నేల కోసమే రూర్కీలో కేంద్ర భవన పరిశోధన సంస్థ వాళ్ళు అడుగున గుండ్రంగా ఉబ్బి ఉండే పైల్స్ రూపొందించారు. మట్టి పరీక్ష చేయించి, దానికి తగ్గట్టు పైల్స్ దింపి, వాటి మీద బీములు పరిచి, నేల వేద్దాం. గోడల బరువు దిబ్బ మీద పడదు.

అన్నయ్య: మండువా?

అమ్మాయి: ఇంత పెద్దది కుదరదు. ఎనిమిదడుగులకి ఎనిమిదడుగులు. అంచు చుట్టూ మెట్టు లేకుండా, నీరు జాలీలోంచి దిగిపోయేట్టు.

అన్నయ్య: అది మండువా కాదు, వెలుతురు కోసం పెట్టే కంత.

అమ్మాయి: ఆ మాట నిజమే మావయ్యా. దానికి నా దగ్గర జవాబు లేదు.

అప్పటిదాకా అమ్మ మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నిద్రపోతోందనుకున్నాం. ఇటు తిరిగింది.

అమ్మ: వాన పడితే ఈ మండువాలో నీళ్ళు ఎటు పోతున్నాయిరా?

అన్నయ్య: తూము లోంచి గుంటలోకి.

అమ్మ: అది పూడిస్తే ఎటు పోతాయి? మావగారు చెప్పేవారు, గుంట నిండిన ఏడు ఇంటి మీద ఒక కన్నేసి ఉంచమని. అది మన తూకపు గిన్నె. దాన్ని ముట్టుకోవద్దని వాడికి ఫోన్ చెయ్యి. ఇల్లంటావా, పడగొట్టండి. పదిహేనేళ్ళకి కాపురానికొచ్చి ఈ మెట్లు ఎక్కడం మొదలుపెట్టాను. ఇప్పుడు నా చేత కావడం లేదు.

అన్నయ్య మొహం చూడలేకపోయాను. అమ్మ తన పక్షాన ఉంటుందని వాడు ధీమాగా ఉన్నాడు. మేం ముగ్గురమూ అంతే అనుకున్నాం. పెద్దవాళ్ళ పేరు చెప్పి పాత ఇంటిని కాపాడుకోవాలనుకునేది మనమేనేమో. రోజుకి పదిసార్లు ఆ గడపలు దాటే మనిషిని ఎవరూ అడగం. మా ఇంట్లోనూ ఆ రోజు దాకా ఎవరూ అడగలేదు.

అన్నయ్య: అమ్మా, నీ గది—

అమ్మ: నా గది ఎటైనా పెట్టండి. కిటికీలోంచి గుంట కనపడాలి. అంతే.

అన్నయ్య చాలాసేపు తూముకేసి చూస్తూ కూర్చున్నాడు. తరువాత కాగితం తీసుకుని తన షరతులు రాశాడు. పంతులుగారి దస్తూరీ, వరసగా, ఒత్తులతో సహా. దిబ్బ అంగుళం తగ్గకూడదు. గుంట పూడ్చకూడదు. టేకు దూలాలూ ద్వారబంధాలూ అమ్మకూడదు, కొత్త ఇంటిలో వాడాలి. ప్రహరీ కట్టకూడదు, కంచె చాలు. పెరటి మెట్ల దగ్గర దోనె కట్టుకునే రాయి ఉంది. ఒకప్పుడు వరదల్లో తాటిదోనెలు నేరుగా అక్కడికే వచ్చేవి. ఆ రాయి కదపకూడదు.

అమ్మాయి: అన్నీ సరే. ఇంకొకటి చేర్చండి. గుంట పూడ్చకపోవడమే కాదు, పూడిక తీయాలి. తొంభై ఏళ్ళలో సగం పైన నిండిపోయింది. ఆ మట్టి ఇంటికింద పనికిరాదు గానీ పెరటికి పనికొస్తుంది. లోతు పెరిగితే మన నీరు మన దగ్గరే ఆగుతుంది.

అన్నయ్య: రాస్తున్నా. ఇంకొకటి నేను చేరుస్తున్నాను. పొలం లీజు వైశాఖానికి అయిపోతుంది. మళ్ళీ ఇవ్వను. ఆ గట్టుకి రెండుచోట్ల గండి కొట్టిస్తాను.

అమ్మాయి ఏమీ అనలేదు. మామయ్య పక్కకి జరిగి కూర్చుంది.

అన్నయ్య కొత్త ఇంటికి మనస్ఫూర్తిగా ఒప్పుకున్నాడని నేను రాయలేను. ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఫోన్ చేసినప్పుడల్లా మండువా కొలత అడుగుతాడు, ఎనిమిదిని పది చేయమంటాడు. పది చేస్తే వంటిల్లు తగ్గుతుందని అమ్మాయి అంటుంది. వదినని అడగమని నేను అంటాను. అన్నయ్య బాధ నాకు తెలుసు. మేం పుట్టిన గది ఉండదు. అయినా నా ఓటు కొత్త ఇంటికే. తాతయ్య మాకు ఇచ్చింది గోడలు కాదని, నేల ఎంత ఎత్తున ఉండాలో చూసే పద్ధతి అని ఆ రోజు అర్థమైంది. గోడలు ఉంచి ఆ పద్ధతి మానేస్తే ఆయన ఇంటిని మేం ఉంచినట్టు కాదు. మా మేనల్లుడు కూడా, ఆ అయిదో మెట్టు ఫొటో పంపాక, పాత ప్లాన్ వెనక్కి తీసుకున్నాడు.

కొల్లేటి చుట్టూ ఇల్లు కట్టుకునే వాళ్ళకి నేను చెప్పగలిగింది కొంచెమే. మీ దిబ్బ ఎంత ఎత్తో, మీ గుంట ఎంత లోతో కొలిపించుకోండి. కాంట్రాక్టరు ప్లాన్ తెచ్చినప్పుడు ఆ రెండు అంకెలూ ఆయన ముందు పెట్టండి.

మా ఇంట్లో మొదటి పని ఇంటిది కాలేదు. మాఘమాసంలో గుంట పూడిక తీయించాం. ఆరడుగుల లోతున గట్టి నేల తగిలింది.